‘ఏ లైన్ల ఉన్నది?’: హనుమకొండలో పదో తరగతి ఇంగ్లిష్ ప్యాసేజీలు నేర్పే ఒక తరగతి గురించి

మా అబ్బాయి 2024లో దసరా సెలవులు ముగిసిన తరువాతి వారం నుంచి 2025 సంక్రాంతి సెలవుల దాకా, వారానికి మూడు రోజుల చొప్పున, ఇంగ్లిష్ ప్యాసేజీలు చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం మాత్రమే నేర్పే ఒక తరగతికి వెళ్లాడు. మా వీధిలోనూ, మా ఆఫీసులోనూ పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులు దాని గురించి నన్ను పదే పదే అడుగుతున్నందువల్ల, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మంచి చెడ్డలు రెండూ ఒకే చోట రాయడం మేలని అనుకున్నాను.

ఈ తరగతిని నడిపేది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లు ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంటుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు. నయీంనగర్ వైపు ఒక సందులో, తమ ఇంటి ముందుగదిలోనే చెబుతారు. గది చిన్నది, పన్నెండు మందికి మించి కూర్చోబెట్టలేరు. తమ పేరు గానీ ఇంటి గుర్తులు గానీ ఎక్కడా రాయవద్దని వారు కోరారు కాబట్టి, పిల్లలు పిలిచినట్టే నేను కూడా ‘మేడమ్’ అనే రాస్తాను. చోటు దొరకనివారికి ఇదంతా ఎందుకన్న సందేహం రావచ్చు. వేరే తరగతిని ఎంచుకునేటప్పుడు ఏమి చూడాలో, ఇంట్లోనే పిల్లవాడిని కూర్చోబెట్టి చదివించేటప్పుడు ఏ ప్రశ్న అడగాలో తెలియడానికైనా ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ముందుగా మా అబ్బాయి పరిస్థితి చెప్పాలి. మన రాష్ట్రంలో 2022-23 విద్యాసంవత్సరం నుంచి సర్కారు బడులలో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఆ ఏడాది మావాడు ఎనిమిదిలో ఉన్నాడు. ఏడో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లలకు మార్పు కష్టం కాకూడదని సైన్సు, సోషల్ వంటి పుస్తకాలను ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండేటట్టు ముద్రించి ఇచ్చారు. అది మంచి ఆలోచనే, నేను తప్పు పట్టడం లేదు. అయితే మావాడి కళ్లు ఎప్పుడూ తెలుగు పేజీ మీదికే పోయేవి. ఇంగ్లిష్ పేజీలో ఒక పేరా చదివి, అర్థం కాకపోతే అక్కడే ఆగి ఆలోచించే అలవాటు అతనికి పడనే లేదు. పదో తరగతి ఇంగ్లిష్ పేపరులో ప్యాసేజీకి ఎదురుగా తెలుగు పేజీ ఉండదు.

ఆ పేపరు స్వరూపం తెలియనివారి కోసం రెండు మాటలు. పదకొండు పేపర్ల పద్ధతి పోయి ఆరు పేపర్లు వచ్చిన తరువాత ఇంగ్లిష్‌కు ఒకటే పేపరు మిగిలింది. మావాడు రాసిన ఏడాది అది 80 మార్కులకు, మూడు గంటల సమయంలో రాయవలసిన పేపరు. అందులో పార్ట్ ఎ 60 మార్కులకు, పార్ట్ బి 20 మార్కులకు ఉండేవి. మిగతా 20 మార్కులు బడిలో వేసే ఇంటర్నల్స్. చదివి జవాబు రాయవలసిన ప్యాసేజీలలో కొన్ని పాఠ్యపుస్తకంలోని పాఠాల నుంచి వస్తాయి, కొన్ని విద్యార్థి అంతకుముందెన్నడూ చూడనివి వస్తాయి. పిల్లలు తడబడేది ఆ రెండో రకం దగ్గరే.

ఈ తరగతికి రాకముందు మేము చేసిన పొరపాటు కూడా చెప్పడం న్యాయం. తొమ్మిదో తరగతి వేసవి సెలవులలో పట్టణంలోని ఒక కోచింగ్ కేంద్రంలో ఆరు వేల రూపాయలు కట్టి చేర్పించాము. అక్కడ పాత ప్యాసేజీలను, వాటి జవాబులతో సహా, నోటుపుస్తకంలో ఎక్కించి బట్టీ పట్టించారు. పాఠ్యపుస్తకంలోని ప్యాసేజీలకైతే ఆ జవాబులు కొంత పనికివస్తాయేమో గానీ, చూడని ప్యాసేజీకి జవాబును ముందే బట్టీ పట్టడం ఎట్లా కుదురుతుందని అడగడానికి నాకు అప్పుడు తెలివి చాలలేదు. నలభై రోజుల తరువాత మావాడి దగ్గర రెండు నోటుపుస్తకాల నిండా జవాబులు ఉన్నాయి, కానీ కొత్త పేరా ఒకటి ముందు పెడితే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. పదో తరగతి ఎస్‌ఏ-1లో (బడిలో పెట్టే మొదటి సమ్మేటివ్ పరీక్షలో) ఇంగ్లిష్‌లో అతనికి 80కి 34 మార్కులు వచ్చాయి, చూడని ప్యాసేజీల దగ్గర దాదాపు ఏమీ రాలేదు.

మేడమ్ తరగతిలో మొదటి రోజు తల్లిదండ్రులు వెనక కూర్చోవచ్చు. నేను కూర్చున్నాను. ఆ రోజు జరిగినదాన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ తరగతి విలువ అంతా ఆ ఒక్క గంటలోనే నాకు తెలిసివచ్చింది.

పిల్లలందరికీ అరపేజీ ఇంగ్లిష్ ప్యాసేజీ జిరాక్సు ఇచ్చారు. మేడమ్ స్వయంగా రాసుకున్న కథ అది. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసే ఒక ఇంట్లో తాత చనిపోయాక మగ్గం అమ్మేసిన రోజు సాయంత్రం. మనవడు బడి నుంచి వస్తాడు. మగ్గం ఉండిన చోట నేల మీద నాలుగు గుంటలు మాత్రం కనిపిస్తాయి. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. నానమ్మ లైటు వేయకుండా మూలకు కూర్చొని, ముఖం గోడవైపు తిప్పుకొనే “అన్నం తిను బిడ్డా” అంటుంది. ప్యాసేజీ అంతటితో ముగుస్తుంది. కింద అయిదు ప్రశ్నలు. మూడోది, నానమ్మ లైటు ఎందుకు వేయలేదు అని.

మావాడు చేయెత్తి, కరెంటు పోయింది కాబట్టి వేయలేదన్నాడు. మేడమ్ తప్పని అనలేదు. “ఏ లైన్ల ఉన్నది? వేలు పెట్టి చూపించు బిడ్డా” అన్నారు. మావాడు కాగితమంతా వెతికి, “లైన్ల లేదు మేడమ్, చీకటి ఉన్నది గదా, అందుకే అనుకున్న” అన్నాడు. “మంచిది, చీకటి ఉన్నదన్నది నిజమే. కరెంటు పోయిందో లేదో చెప్పే లైను ఇంకోటి ఉన్నదేమో చూడు” అన్నారు. గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తరువాత హసన్‌పర్తి నుంచి వచ్చే ఒక అమ్మాయి, “ఫ్యాన్ తిరుగుతున్నది మేడమ్” అన్నది. ఫ్యాను తిరుగుతున్నదంటే కరెంటు ఉన్నది. కరెంటు ఉండి కూడా లైటు వేయలేదంటే కావాలనే వేయలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నదంటే తన ముఖం మనవడికి కనబడకూడదనుకున్నది. ఆమె ఏడుస్తున్నదని ప్యాసేజీలో ఎక్కడా ఒక్క మాట లేకపోయినా, మూడు లైన్లు పక్కపక్కన పెట్టి చూసేసరికి పిల్లలందరికీ అది తెలిసిపోయింది. మావాడు ఇంటికి వచ్చేదాకా బండి మీద వెనక కూర్చొని ఆ నానమ్మ గురించే మాట్లాడాడు. ఒక ఇంగ్లిష్ ప్యాసేజీలోని మనిషి గురించి అతను మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

ఈ పద్ధతికి మేడమ్ మూడు తెలుగు అక్షరాలు పెట్టుకున్నారు. ప్రతి ప్రశ్న పక్కన, జవాబు రాయకముందే, పిల్లలు పెన్సిలుతో ఒక అక్షరం వేయాలి. ‘ఉ’ అంటే ఉన్నది: జవాబు ఒకే లైనులో సూటిగా ఉన్నది, వెతికి రాస్తే చాలు. ‘క’ అంటే కలపాలి: రెండు మూడు చోట్ల ఉన్న ముక్కలను కలిపితే జవాబు అవుతుంది. ‘త’ అంటే తట్టాలి: లైనులో లేదు, కానీ లైన్లు ఇచ్చే ఆధారం మీద మన బుద్ధికి తట్టాలి. ప్రశ్నకూ జవాబుకూ ఉండే సంబంధాన్ని బట్టి ప్రశ్నలను ఇట్లా వేరుచేసే పద్ధతిని అమెరికాలో టాఫీ రాఫెల్ అనే విద్యావేత్త 1980లలో రూపొందించారని, తాను దానిని మన పిల్లలకు తగినట్టు మార్చుకున్నానని మేడమ్ తల్లిదండ్రుల సమావేశంలో చెప్పారు. పిల్లలకు దీనివల్ల కలిగే లాభం చాలా స్పష్టమైనది. ‘ఉ’ ప్రశ్నకు పేజీ నిండా ఆలోచించి సమయం పోగొట్టుకోరు. ‘త’ ప్రశ్నకు ప్యాసేజీలోని ఒక వాక్యాన్ని యథాతథంగా ఎత్తిరాసి జవాబు అయిపోయిందని అనుకోరు. మావాడు పోగొట్టుకుంటున్న మార్కులలో ఎక్కువ భాగం ఆ రెండో తప్పు వల్లనే పోతున్నాయని పాత జవాబు పత్రాలు చూశాక నాకు అర్థమైంది.

నాకు అన్నిటికంటే నచ్చినది, తెలుగు మాట్లాడే పిల్లలు ఇంగ్లిష్ వాక్యంలో ఎక్కడ దారి తప్పుతారో ఆమెకు కచ్చితంగా తెలిసి ఉండటం. ఒక ఉదాహరణ చెప్తాను. “ద టీచర్ హూ టాట్ మై బ్రదర్స్ లెఫ్ట్ ద విలేజ్” అనే వాక్యం ఇచ్చి, ఊరు విడిచి వెళ్లింది ఎవరని అడిగితే, పన్నెండు మందిలో ఏడుగురు అన్నదమ్ములు అన్నారు. తెలుగులో మనం ‘మా అన్నదమ్ములకు చదువు చెప్పిన టీచరు’ అంటాము. వర్ణించే మాటలన్నీ ముందు వచ్చి, వర్ణించబడే మనిషి చివర వస్తాడు, ఆ వెంటనే అతడు చేసిన పని వస్తుంది. ఇంగ్లిష్‌లో మనిషి ముందు వచ్చి, వర్ణన తరువాత వచ్చి, ఆ వర్ణన చివర ఉన్న ‘బ్రదర్స్’ అనే మాట క్రియకు ఆనుకొని నిలబడుతుంది. తెలుగు అలవాటుతో చదివే కన్ను క్రియకు దగ్గరగా ఉన్న మనిషినే కర్త అనుకుంటుంది. దీనికి మేడమ్ చెప్పిన ఉపాయం చిన్నది: ‘హూ’, ‘విచ్’, ‘దట్’ కనిపించిన చోటు నుంచి ఆ ముక్క ముగిసేదాకా వేలితో మూసి, మిగిలినదాన్ని చదవాలి. ‘ద టీచర్ లెఫ్ట్ ద విలేజ్’ మిగులుతుంది. నెల రోజులు వేలితో మూశారు, తరువాత వేలు అవసరం లేకుండానే కన్ను ఆ పని చేయడం నేర్చుకున్నది. బడిలో వ్యాకరణం పేరుతో రిలేటివ్ క్లాజు నిర్వచనం మావాడు మూడేళ్లుగా రాస్తూనే ఉన్నాడు గానీ, చదివేటప్పుడు అది ఎందుకు పనికివస్తుందో అతనికి అంతకుముందు ఎవరూ చూపించలేదు.

తెలియని పదాల దగ్గర కూడా ఇదే ఓపిక. ఒక ప్యాసేజీలో గుడి వెనక ఉన్న ‘స్ప్రింగ్’ మే నెలలో ఎండిపోయిందని ఉన్నది. స్ప్రింగ్ అంటే వసంతకాలమని మావాడు బట్టీ పట్టి ఉన్నాడు, లేదా పెన్నులో ఉండే స్ప్రింగు. వసంతకాలం ఎండిపోవడం ఏమిటో తోచక ఆ ప్రశ్నే వదిలేశాడు. మేడమ్ నిఘంటువు తీయనివ్వలేదు. ఎండిపోయేది ఏమిటి, గుడి వెనక ఉండేది ఏమిటి, మే నెలకూ దానికీ సంబంధం ఏమిటి అని మూడు ప్రశ్నలు అడిగారు. వాగులో ఇసుక తవ్వి నీళ్లు తీసుకునే ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇద్దరు వెంటనే ‘చెలిమె’ అన్నారు. నిఘంటువు చూస్తే ఊట అని ఉండేది, కానీ వారు సొంతంగా చెలిమె దాకా వచ్చారు. పరీక్ష గదిలో నిఘంటువు ఉండదు కాబట్టి ఈ అలవాటే అక్కడ ఆదుకునేది.

మొదటి నెలలో ప్యాసేజీలన్నీ పిల్లలకు తెలిసిన లోకం నుంచి వచ్చాయి. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువులు, పాకాల, లక్నవరం, 2021లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడి, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలు, ఎనుమాముల మార్కెట్టులో మిర్చి బస్తాల వేలం, ఇవన్నీ ఇంగ్లిష్‌లో. మార్కెట్టు ప్యాసేజీ ఇచ్చిన రోజు, ఎనుమాములలోనే పనిచేసే మా ఆయనకు మావాడు దానిని తెలుగులో చెప్పి, అందులో తూకం గురించి రాసినది సరిగ్గా ఉందో లేదో అడిగాడు. విషయం ముందే తెలిసి ఉంటే చదివినది ఎక్కువగా అర్థమవుతుందని మేడమ్ చెప్పి, అమెరికాలో 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ ప్రచురించిన ఒక పరిశోధనను ప్రస్తావించారు. అందులో చదవడంలో వెనుకబడినా బేస్‌బాల్ ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లల కంటే, బేస్‌బాల్ గురించిన ప్యాసేజీని బాగా గుర్తుంచుకోగలిగారు. మన పిల్లల చేతికి క్రికెట్ ప్యాసేజీ ఇచ్చి చూస్తే ఈ మాట ఎంత నిజమో ఎవరికైనా తెలుస్తుంది. రెండో నెల నుంచి తెలియని లోకాలు మొదలయ్యాయి: మంచు ప్రాంతాలు, సముద్రంలో వేట, విదేశీ శాస్త్రవేత్తల జీవితాలు. తెలిసినదానితో ధైర్యం వచ్చాకే తెలియనిది ముందు పెట్టడం ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు అని నేను భావిస్తున్నాను.

ప్రశ్నలు ముందు చదవాలా, ప్యాసేజీ ముందు చదవాలా అన్నది పిల్లలందరినీ వేధించే సందేహం. గైడ్లలో ఎక్కువగా ప్రశ్నలే ముందు చదవమని ఉంటుంది. మేడమ్ దీనికి మధ్యమార్గం చెప్తారు. ప్రశ్నలను ఒక్కసారి చూడాలి, కానీ కింద ఇచ్చిన ఆప్షన్లను చూడకూడదు, ఎందుకంటే నాలుగు ఆప్షన్లలో మూడు తప్పువే కాబట్టి, చదవకముందే మూడు తప్పు మాటలు మనసులో పడతాయి. ఆ తరువాత ప్యాసేజీని మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా ఒకసారి, ప్రతి పేరా పక్కన తెలుగులోనైనా సరే రెండు మాటలు రాసుకుంటూ మరొకసారి చదవాలి. అప్పుడు ప్రశ్నకు వెళ్లి, జవాబు తన మాటల్లో అనుకొని, చివరికి ఆప్షన్లు చూడాలి. ఈ క్రమం చురుకుగా చదివే పిల్లలకు చక్కగా సరిపోయింది. మావాడి వంటి నెమ్మది పిల్లలకు మాత్రం, రెండుసార్లు పూర్తిగా చదవడం సమయాన్ని తినేసింది. డిసెంబరులో ఆ సంగతి చెప్తే, అతనికి రెండో చదువును మానిపించి, పేరా పక్కన రాసే మాటలను మొదటి చదువులోనే రాయమన్నారు. అందరినీ ఒకే మూసలో పోయకుండా, పిల్లవాడిని చూసి పద్ధతి మార్చడం పన్నెండు మంది ఉన్న గదిలోనే సాధ్యమవుతుంది.

ఆప్షన్ల ప్రశ్నల దగ్గర ఆమె చెప్పిన జాగ్రత్తలలో రెండు మా ఇంట్లో గోడమీద రాసిపెట్టుకున్నాము. ప్యాసేజీలోని మాటలనే అచ్చంగా ఎత్తిపెట్టిన ఆప్షను చూడగానే సరైనదిగా కనిపిస్తుంది, అందుకే దానినే ఎక్కువగా అనుమానించాలి. ‘ఆల్వేస్’, ‘నెవర్’, ‘ఓన్లీ’ వంటి మాటలున్న ఆప్షను సరైనది కావాలంటే ప్యాసేజీలో కూడా అంత గట్టి మాట ఉండాలి. ఇక ‘నాట్’ అనే మాట ఉన్న ప్రశ్న కనబడితే ముందుగా దాని చుట్టూ గీత గీయాలి. మావాడు ఎస్‌ఏ-1లో ఒక మార్కు కేవలం ఆ మాట చూసుకోనందుకే పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు లోపాలు. ఇవి చిన్నవి కావు, చేర్పించే ముందు ఆలోచించవలసినవి.

జవాబు కనుక్కోవడం మీద ఉన్నంత శ్రద్ధ, దానిని తప్పుల్లేకుండా రాయడం మీద లేదు. మా అబ్బాయికి జవాబు తెలుసు, లైను చూపిస్తాడు, తెలుగులో చక్కగా చెప్తాడు. కాగితం మీద ఇంగ్లిష్ వాక్యం పెట్టేసరికి క్రియ తప్పుతుంది, ‘హి’ రాయవలసిన చోట ‘షి’ రాస్తాడు. మేడమ్ జవాబు కింద ఎర్ర గీత గీసి వదిలేస్తారు గానీ సరిచేసిన వాక్యాన్ని మళ్లీ రాయించరు. రెండు మార్కుల ప్రశ్నలకు పూర్తి వాక్యం రాయాలి కాబట్టి, ఇది మార్కుల మీద ప్రభావం చూపే విషయమే. నేను ఇంట్లో ప్రతి ఆదివారం ఆ గీతలున్న వాక్యాలను మళ్లీ రాయించవలసి వచ్చింది. ఇంగ్లిష్ తెలియని తల్లిదండ్రులకు ఆ అవకాశం ఉండదు. ఈ మాట నేను మేడమ్‌తో కూడా చెప్పాను. గంటంపావు సమయంలో రెండూ చేయడం కుదరడం లేదని వారు ఒప్పుకున్నారు.

పద్యాల మీద వచ్చే ప్రశ్నలకు ముప్ఫై ఆరు తరగతులలో కేటాయించినవి రెండే. పట్టికలు, గ్రాఫులు చదివి రాసే వాటికి ఒక్కటే. కథలు ఆమెకు ఇష్టమని, అవి బాగా చెప్తారని పిల్లలే అంటారు, కానీ పేపరు కథలతోనే నిండదు.

అక్షరాలు కూడబలుక్కొని చదివే దశలోనే ఉన్న పిల్లలకు ఈ తరగతి పనికిరాదు. మాతోపాటు చేరిన ఒక అబ్బాయి ఇంగ్లిష్ వాక్యాన్ని గడగడా చదవలేడు. మిగిలినవారు ‘ఉ’, ‘క’, ‘త’ వేస్తుంటే అతను మొదటి పేరాలోనే ఉండేవాడు. మూడో వారంలో మేడమ్ అతని తల్లిదండ్రులను పిలిచి, ముందు రోజూ అరగంట పైకి చదివించమని చెప్పి, కట్టిన ఫీజు తిరిగి ఇచ్చేశారు. నిజాయితీగానే చేశారు, కానీ ఆ పిల్లవాడు తలవంచుకొని వెళ్లిన తీరు చూసి నాకు చాలా బాధ కలిగింది. చేర్చుకునే రోజే ఒకసారి చదివించి చూసి ఉంటే బాగుండేది. ఆ తరువాత ఆమె ఆ పద్ధతే పెట్టారు.

సమయం ఉదయం ఆరు గంటల నుంచి ఏడుంబావు వరకు. బడిలో సాయంత్రం పదో తరగతి ప్రత్యేక తరగతులు ఉంటాయి కాబట్టి వేరే సమయం కుదరదు. అయినా డిసెంబరు చలిలో, చీకటి విడవకముందే, హసన్‌పర్తి, కాజీపేట వైపుల నుంచి ఆడపిల్లలను తీసుకొని రావడం తల్లిదండ్రులకు పెద్ద భారం. ఆ వేళకు ఆటోలు దొరకవు. ఒక రోజు రాకపోతే ఆ పాఠం మళ్లీ చెప్పరు, జిరాక్సు కాగితం మాత్రం ఇస్తారు. ఆ జిరాక్సులలో కొన్ని అక్షరాలు కనబడనంత లేతగా వచ్చేవి.

ఫీజు నెలకు 800 రూపాయలు, మూడు నెలలకు 2,400. కాగితాల ఖర్చు అందులోనే. పట్టణంలో తీసుకుంటున్న ఫీజులతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

జనవరిలో, సంక్రాంతి సెలవులకు ముందు, మూడు గంటల పూర్తి పరీక్షలు రెండు ఆదివారం పూట పెట్టారు. అసలు పరీక్ష జరిగే సమయంలోనే, ఉదయం 9:30 నుంచి 12:30 దాకా. పార్ట్ బి ప్రశ్నపత్రం మీదే రాసి జతచేయవలసినది కాబట్టి దానికి అరగంట విడిగా దాచుకొని, పార్ట్ ఎ మొత్తాన్ని రెండున్నర గంటలలో ముగించాలని, చూడని ప్యాసేజీని అలసిపోయాక చివర పెట్టుకోవద్దని చెప్పారు. మొదటి పరీక్షలో మావాడు ఒక ప్యాసేజీ దగ్గర నలభై నిమిషాలు కూర్చొని, ఉత్తరం రాసే ప్రశ్నను వదిలేసి వచ్చాడు. రెండో పరీక్షలో చేతి గడియారం బల్ల మీద పెట్టుకొని, ప్యాసేజీకి పదిహేను నిమిషాలు దాటగానే ముందుకు వెళ్లడం నేర్చుకున్నాడు. ఈ రెండు పరీక్షలు మరో నెల ముందు పెట్టి, ఇంకా రెండు కలిపి ఉంటే పిల్లలకు ఎంతో మేలు జరిగేదని నా అభిప్రాయం.

ప్రీఫైనల్‌లో మావాడికి ఇంగ్లిష్‌లో 80కి 57 వచ్చాయి. బడిలో చెప్పిన ప్రత్యేక తరగతులు, ఇంట్లో ఆదివారాలు చేసిన సాధన కూడా అందులో ఉన్నాయి కాబట్టి ఆ పెరుగుదల అంతటినీ ఈ తరగతి ఖాతాలో వేయను. ఈ తరగతి వల్లనే వచ్చిందని నేను గట్టిగా చెప్పగలిగిన మార్పు వేరే ఉంది. ఇంటర్‌లో చేరిన తరువాత ఒకరోజు కాలేజీ నుంచి వచ్చిన ఇంగ్లిష్ నోటీసు చదివి, ఫలానా తేదీలోగా డబ్బు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరట అని నేను కంగారుపడితే, మావాడు కాగితం తీసుకొని, “అమ్మా, ఏ లైన్ల ఉన్నది?” అని అడిగాడు. నేను చూపించిన లైనులో ‘అన్‌లెస్’ అనే మాట ఉన్నది. అప్పటికే కట్టినవారికి ఆ షరతు వర్తించదని అతను నాకు వివరించాడు. రసీదు మా బీరువాలోనే ఉన్నది.

చేర్పించదలచినవారికి చివరిగా వివరాలు. కొత్త బృందం ఏటా దసరా సెలవుల తరువాతే మొదలవుతుంది, పేర్లు సెప్టెంబరు నుంచి తీసుకుంటారు. బోర్డు లేదు కాబట్టి, అక్కడ చదివిన పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా వెంట తీసుకొని వెళ్లాలి. పిల్లవాడు రాసిన పాత ఇంగ్లిష్ జవాబు పత్రం ఒకటి, ఒక పెన్సిలు తీసుకెళ్లండి. మేడమ్ ఒక పేజీ పైకి చదివిస్తారు, చదివిన తరువాత ఒకే ఒక ప్రశ్న అడుగుతారు. ఆ సమయంలో తల్లిదండ్రులను బయటి అరుగు మీద కూర్చోమంటారు. లోపల నుంచి పిల్లవాడి మాట వినబడినా జవాబు అందించవద్దు.